నేచురల్ మాత్రా, కెమికల్ మాత్రా? ప్రొజెస్టెరాన్ చీటీ పట్టుకొచ్చేవాళ్ళకి

మొన్న సోమవారం పొద్దున్నే మా మందుల కొట్టు షట్టరు ఎత్తానో లేదో, కొల్నారా వైపు పల్లె నుంచి ఒక పెద్దమ్మ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చి రెండు చీటీలు కౌంటర్ మీద పెట్టింది. ఒకటి వైజాగ్‌లో చూపించుకున్నప్పుడు రాసింది, రెండోది ఇక్కడ, ఒడిశాలోని మా రాయగడలో రాసింది. కోడలికి ఏడో వారం. ఇంతకు ముందు ఒకసారి గర్భం పోయింది. ఇప్పుడు మళ్ళీ కొంచెం మరక కనిపించింది. ఇలాంటప్పుడు రాసేది ప్రొజెస్టెరాన్, గర్భం నిలవడానికి ఒంట్లో తయారయ్యే హార్మోన్, లేదా దాని పని చేసే మందు. వైజాగ్ చీటీలో నేచురల్ మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్, 200 మిల్లీగ్రాములు, రాత్రి పూట. ఇక్కడి చీటీలో డైడ్రోజెస్టెరాన్, 10 మిల్లీగ్రాములు, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి.

"ఏటమ్మా, ఒకే పనికి రెండు మందులేటి? ఒకటి నేచురలంట, ఇంకోటి కెమికలంట, మా పక్కింటావిడ సెప్పింది. ఆ నేచురల్‌దే ఇచ్చేయ్. కడుపులో పిల్లకి కెమికల్ ఎందుకు?" అంది పెద్దమ్మ.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మా ఊరికి చీటీలు అటు విశాఖ నుంచీ వస్తాయి, ఇటు బరంపురం నుంచీ వస్తాయి. ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు రాస్తే మనవాళ్ళు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఏముందో చూసి తేల్చేస్తారు. నేను అందరికీ చెప్పేది ఒకటే. నేచురల్ అన్న మాట పక్కన పెట్టి రెండు ప్రశ్నలు అడగండి. అసలు అణువులో ఏం మార్చారు? అది ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుంది? మందు ఎంపికకి పనికొచ్చే సంగతంతా ఈ రెండింటి జవాబుల్లోనే దొరుకుతుంది.

చోళ్ళు, చోడిపిండి, అంబలి

నేచురల్ ప్రొజెస్టెరాన్ అంటే చెట్టు నుంచి పిండిన రసం కాదు. సోయా గింజల్లోనో, కొన్ని రకాల దుంపల్లోనో ఉండే స్టెరాయిడ్ తరహా పదార్థాన్ని తీసుకుని ఫ్యాక్టరీలో మెట్టు మెట్టుగా మార్చి చేస్తారు. 1940ల్లో రసెల్ మార్కర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త మెక్సికో అడవి దుంపల్లోని డయోస్జెనిన్ అనే పదార్థం నుంచి ప్రొజెస్టెరాన్‌ని కిలోల లెక్కన చేసి చూపించాడు. మరి నేచురల్ అని ఎందుకంటారు? చివరికి తయారయ్యే అణువు ఆడవాళ్ళ అండాశయంలో తయారయ్యే అణువుకి అచ్చుగుద్దినట్టు ఉంటుంది కాబట్టి. పుట్టిన చోటు వేరైనా రూపం ఒకటే.

ఇక డెరివేటివ్, అంటే ఉత్పన్నం. ఒక అణువు అస్థిపంజరాన్ని అలాగే ఉంచి దానికి ఒక పరమాణువుల గుంపు తగిలించినా, ఒకటి తీసేసినా, ఒక బంధాన్ని మార్చినా వచ్చే కొత్త అణువుని ఉత్పన్నం అంటారు. మార్పు ఫ్యాక్టరీలో జరగొచ్చు, మన కాలేయంలోనో మెదడులోనో జరగొచ్చు. ఒంట్లో జరిగినప్పుడు వైద్యులు దాన్ని మెటబొలైట్ అంటారు. రసాయన శాస్త్రం వైపు నుంచి చూస్తే అది కూడా ఉత్పన్నమే.

మన వంటింటి లెక్కలో చెబుతాను. చోళ్ళు, అంటే రాగులు, విసిరితే చోడిపిండి అవుతుంది. నలిగిందే తప్ప మారలేదు. మైక్రోనైజ్డ్ అంటే అంతే. ప్రొజెస్టెరాన్ పొడిని ఇంకా మెత్తగా చేశారు, కడుపులో బాగా కరగడానికి. మైక్రోనైజ్డ్ అంటే ఏదో కొత్త కెమికల్ కలిపారని భయపడేవాళ్ళు ఉన్నారు, ఆ భయం అక్కర్లేదు. అదే పిండి అంబలి కాచి రాత్రంతా పులియబెడితే రుచి వేరు, గుణం వేరు. ఇది ఒంట్లో తయారయ్యే ఉత్పన్నం లాంటిది. చోళ్ళకి ఇంకేవో కలిపి ఫ్యాక్టరీలో బిస్కెట్ చేస్తే అది మూడో రకం. బిస్కెట్‌ని ఎంత నానబెట్టినా అంబలి కాదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

నిద్ర ఎక్కడి నుంచి వస్తోంది

నా రెండో కాన్పులో నాకూ ఈ నేచురల్ క్యాప్సూలే రాశారు. రాత్రి వేసుకోమన్నారు. ఒకరోజు మర్చిపోయి పొద్దున్న వేసుకుని కొట్టు తెరిచాను. పదకొండింటికల్లా కౌంటర్ మీద తల వాల్చేశాను. రెండు బిల్లులు తప్పు రాశాను, చిల్లర ఎక్కువ ఇచ్చేశాను. గర్భంతో నీరసమేమో అనుకున్నాను కానీ, చదువుకున్న ఫార్మసీ పాఠం మధ్యాహ్నానికి గాని గుర్తుకు రాలేదు.

ప్రొజెస్టెరాన్ మింగాక పేగు, కాలేయం దాన్ని చాలా వరకు మార్చేస్తాయి. అందులో ఒక దారి ఉంది. ముందు 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఒక ద్విబంధాన్ని తీసేసి రెండు హైడ్రోజన్‌లు తగిలిస్తుంది. తర్వాత ఇంకో ఎంజైమ్ మూడో కార్బన్ దగ్గరున్న కీటోన్ గుంపుని హైడ్రాక్సిల్ గుంపుగా మార్చి ఇంకో రెండు హైడ్రోజన్‌లు తగిలిస్తుంది. అంటే మొదలు సి21హెచ్30ఓ2, చివరికి సి21హెచ్34ఓ2. తేడా నాలుగే నాలుగు హైడ్రోజన్ పరమాణువులు. ఈ కొత్త అణువు పేరు అలోప్రెగ్ననలోన్.

ఇదే ఆ నిద్ర తెప్పించేది. మెదడులో గాబా అనే రసాయనం నరాల కణాలని నెమ్మదింపజేస్తుంది. గాబా వచ్చి కూర్చునే గ్రాహకాలు క్లోరైడ్ అయాన్లకి తలుపుల్లాంటివి. అలోప్రెగ్ననలోన్ గాబా కూర్చునే చోట కాకుండా పక్కన ఇంకో చోట కూర్చుని ఆ తలుపు ఇంకాస్త ఎక్కువ సేపు తెరిచి ఉండేలా చేస్తుంది. నిద్రమాత్రలు, మద్యం కూడా ఈ గ్రాహకాల మీదే పనిచేస్తాయి, వాటి స్థానాలు వేరు. అందుకే ఈ క్యాప్సూల్ వాడే రోజుల్లో పైన ఇంకో నిద్రమాత్ర వేసుకుంటే మత్తు మీద మత్తు ఎక్కుతుంది. ప్రొజెస్టెరాన్ గర్భిణులకే కాకుండా బహిష్టు ఆగిన వయసువాళ్ళకీ రాస్తారు. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళలో సాయంత్రం జీలుగ కల్లు అలవాటున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఈ మాట గట్టిగా చెబుతాను.

అలోప్రెగ్ననలోన్ లాంటివాటిని న్యూరోస్టెరాయిడ్లు అంటారు. ఆ పేరు పెట్టింది ఫ్రాన్స్‌కి చెందిన ఎటియెన్-ఎమిల్ బోలియూ, 1981లో. మెదడు కూడా తనకి కావలసిన స్టెరాయిడ్లని తానే తయారు చేసుకుంటుందని తేలాక వచ్చిన పేరది. అంతకు ఎంతో ముందు, 1941లోనే, హాన్స్ సెల్యే ఎలుకలకి ప్రొజెస్టెరాన్ ఇస్తే మత్తులోకి జారుకుంటున్నాయని రాశాడు. కారణం తెలియడానికి నలభై ఏళ్ళు పైనే పట్టింది.

ఇక్కడ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. అలోప్రెగ్ననలోన్‌లో మూడో కార్బన్ దగ్గరి హైడ్రాక్సిల్ ఒక వైపుకి చూస్తుంది. దాన్ని అదే చోట రెండో వైపుకి తిప్పండి. ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. అణుభారం ఒకటే, ఫార్ములా ఒకటే. ఆ తిరగబడ్డ అణువు నిద్ర తెప్పించకపోగా అసలుదాని పనికి అడ్డు తగులుతుంది. రెండూ మన ఒంట్లో సహజంగా ఉన్నవే. మా సరిహద్దులో పట్నాయక్‌లూ పట్నాయకుని వారూ ఉన్నట్టు, పేరు చూసి చుట్టరికం చెప్పొచ్చు గానీ స్వభావం చెప్పలేం.

మరి ఆ రెండు చీటీల్లో ఏది?

డైడ్రోజెస్టెరాన్ మూడో రకం, బిస్కెట్ రకం. ప్రొజెస్టెరాన్ అస్థిపంజరమే, కానీ తొమ్మిదో కార్బన్ దగ్గరి హైడ్రోజన్, పదో కార్బన్ దగ్గరి మిథైల్ గుంపు ఎదురు వైపుకి తిరిగి ఉంటాయి. ఆరు, ఏడు కార్బన్‌ల మధ్య ఒక ద్విబంధం ఎక్కువ. అణువు వంగిపోయి ఉంటుంది. ఆ వంపు వల్ల గర్భాశయంలోని ప్రొజెస్టెరాన్ గ్రాహకానికి బాగా అతుక్కుంటుంది, కాలేయం అంత తేలిగ్గా దాన్ని చెడగొట్టలేదు. అందుకే 200 మిల్లీగ్రాముల చోట 10 మిల్లీగ్రాముల బిళ్ళ చాలుతుంది. మిల్లీగ్రాములు తక్కువ కదా, పవర్ తక్కువేమో అనే అనుమానం అక్కడే తీరిపోవాలి.

రెండో ప్రశ్నకి వద్దాం, ఒంట్లో ఏమవుతుంది? డైడ్రోజెస్టెరాన్ అలోప్రెగ్ననలోన్‌గా మారదు. బిస్కెట్ అంబలి కాలేదన్నది ఇదే. అందుకని నేచురల్ క్యాప్సూల్‌తో వచ్చే తరహా మగత దీనితో ఉండదు. కొందరికి తలనొప్పి, వికారం ఉంటాయి, అది వేరే లెక్క.

పనిలో ఏది మేలు? సంతానం కోసం ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళ మీద జరిగిన లోటస్-1 అనే పరీక్ష 2017లో వెలువడింది. రోజుకి 30 మిల్లీగ్రాముల డైడ్రోజెస్టెరాన్ నోటి ద్వారా ఇచ్చినా, 600 మిల్లీగ్రాముల మైక్రోనైజ్డ్ ప్రొజెస్టెరాన్ యోనిలో పెట్టినా, గర్భం నిలవడంలో మొదటిది రెండోదానికి తీసిపోలేదు. పెద్దమ్మ కోడలి లాంటి కేసుకి, అంటే తొలి వారాల్లో మరక కనిపించినప్పుడు, పెద్ద సాక్ష్యం 2019లో ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 4153 మంది ఆడవాళ్ళలో సగం మందికి 400 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ రోజుకి రెండుసార్లు యోనిలో పెట్టించారు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. బిడ్డ పుట్టినవాళ్ళు ఒక వైపు 75 శాతం, ఇంకో వైపు 72 శాతం. మొత్తం మీద చూస్తే కచ్చితంగా తేడా ఉందని చెప్పలేని అంతరం. మరక కనిపించడంతో పాటు అంతకు ముందు గర్భం పోయిన అనుభవం ఉన్నవాళ్ళలో మాత్రం లాభం కనిపించింది. 2021లో ఇంగ్లండ్ వైద్య మార్గదర్శకాల్లో కూడా అలాంటివాళ్ళకే సిఫార్సు చేశారు.

ఇంకో చిన్న మాట. నేచురల్ క్యాప్సూల్‌ని నోట్లో వేసుకోవడం, కింద, అంటే యోనిలో, పెట్టుకోవడం ఒకటి కావు. కింద పెట్టుకుంటే మందు ముందుగా కాలేయం గుండా పోదు. అలోప్రెగ్ననలోన్ తక్కువ తయారవుతుంది, మగత తగ్గుతుంది. చీటీలో ఏ దారో రాసి లేకపోతే సిగ్గుపడకుండా అడగండి. అత్తగారి ముందు అడగలేక నోట్లో వేసేసుకున్న పిల్లల్ని నేను చూశాను. ప్రొజెస్టెరాన్ సూది కూడా ఉంది, నూనెలో కలిపి పిరుదు మీద వేస్తారు. పని చేస్తుంది కానీ గట్టిగా నొప్పి, గడ్డ కడుతుంది.

నా లెక్క ఇది. స్కూటీ మీద తిరిగేవాళ్ళు, ఘాట్ రోడ్డులో బండి నడిపేవాళ్ళు, తెల్లారి నాలుగింటికి లేచి పొయ్యి ముందు కూర్చోవాల్సినవాళ్ళు మగత సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. అలాంటివాళ్ళకి డైడ్రోజెస్టెరాన్‌ అయినా, కింద పెట్టుకునే ప్రొజెస్టెరాన్‌ అయినా సుఖం. రాత్రి నిద్ర సరిగా లేక, పగలు ఇంట్లోనే ఉండేవాళ్ళకి నోటి క్యాప్సూల్ పడుకోబోయే ముందు వేసుకుంటే ఆ మగతే కలిసొస్తుంది. వేరుశనగ పడనివాళ్ళు క్యాప్సూల్ డబ్బా మీద నూనె పేరు చదవాలి, కొన్నింటిలో వేరుశనగ నూనె ఉంటుంది. డబ్బు లెక్క వేసేటప్పుడు స్ట్రిప్ ధర కాదు, రోజు ఖర్చు వేయండి. ఒకటి రోజుకి ఒక్కటే, ఇంకోటి రెండో మూడో పడతాయి.

అన్నిటికంటే ప్రమాదం, దేనికైనా మంచిదని రెండు చీటీలూ కొని రెండూ వాడేయడం. అది మా కొట్లో నెలకి ఒకసారైనా అడ్డుకుంటూ ఉంటాను.

అదే పేరు, వేరే మందులు

హైడ్రాక్సీప్రొజెస్టెరాన్ కాప్రోయేట్ అనే నూనె సూది ఉంది. పేరులో ప్రొజెస్టెరాన్ ఉంది కాబట్టి అదీ ఇదీ ఒకటే అనుకుంటారు. ఒంట్లో అది ప్రొజెస్టెరాన్‌గా మారదు. అమెరికాలో నెలలు నిండకముందే కాన్పు కాకుండా ఆపడానికి 2011లో దానికి అనుమతి ఇచ్చి, పని చేస్తుందని రుజువు కాలేదని 2023 ఏప్రిల్‌లో ఆ అనుమతి తీసేశారు. అంతర ఇంజెక్షన్ ఇంకొకటి. మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాముల మెడ్రాక్సీప్రొజెస్టెరాన్, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. అది గర్భం నిలవడానికి కాదు, రాకుండా ఉండడానికి. ప్రొజెస్టెరాన్ ఉత్పన్నమే, కానీ నిద్ర తెప్పించే దారి దానికీ మూసుకుపోయింది.

ఇక నోరెథిస్టెరోన్. మజ్జిగౌరమ్మ గుడికి మొక్కు ఉన్నా, తిరుపతి టికెట్టు దొరికినా, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నా ఆడపిల్లలు గుసగుసగా అడిగేది దీన్నే. నెలసరి వాయిదా మాత్ర. ఇది ప్రొజెస్టెరాన్ పని చేస్తుంది గానీ అస్థిపంజరం టెస్టోస్టెరాన్ ఇంటిది. 1951 అక్టోబరులో మెక్సికో సిటీలో, అవే దుంపల స్టెరాయిడ్ నుంచి తయారైంది. కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్ తరహా పదార్థంగా మారుతుంది. అందుకే కాళ్ళలో రక్తం గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, కాలేయం బాగోలేనివాళ్ళు, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు. రావాల్సిన రోజుకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి. ముందు రోజు సాయంత్రం వచ్చి అడిగితే నేను చేసేదేం లేదు. గర్భం ఉందేమో అన్న అనుమానంలో వాడొద్దు. దీని బదులు నేచురల్ ఇవ్వండక్కా అని అడిగే అమ్మాయిలు ఉన్నారు, ఆ పనికి అందరూ వాడేది ఇదే.

మెదడు కోసమే చేసినవి

గర్భం చివరి నెలల్లో అలోప్రెగ్ననలోన్ బాగా పెరిగి, కాన్పు కాగానే ఒక్కసారి పడిపోతుంది. కొందరు బాలింతల్లో వచ్చే తీవ్రమైన దిగులుకి ఈ పడిపోవడం ఒక కారణం కావచ్చన్న ఆలోచనతో 2019 మార్చిలో అమెరికాలో బ్రెక్సనలోన్‌కి అనుమతి వచ్చింది. బ్రెక్సనలోన్ అంటే అచ్చంగా అలోప్రెగ్ననలోనే, మందుగా ఇచ్చినప్పటి పేరు. దాని ఉత్పన్నం కాదు, అసలుదే. దాని చిక్కులూ అసలువే. నీళ్ళలో కరగదు, మింగితే నిలవదు. అందుకని ఆసుపత్రిలో 60 గంటల పాటు సెలైన్‌లా ఎక్కించాల్సి వచ్చేది, స్పృహ తప్పుతుందేమోనని పక్కన మనిషి ఉండాల్సి వచ్చేది. మందు ధరే దాదాపు 34000 డాలర్లు ఉండేది. 2024 చివరికి కంపెనీ అమ్మకం ఆపేసింది.

ఉత్పన్నం ఎందుకు చేస్తారో ఇక్కడ తెలుస్తుంది. అలోప్రెగ్ననలోన్‌లోని ఆ మూడో కార్బన్ హైడ్రాక్సిల్‌ని ఒంట్లో ఎంజైములు మళ్ళీ కీటోన్‌గా మార్చేస్తాయి, అంతే మందు పోయినట్టే. అదే కార్బన్ మీద ఒక చిన్న మిథైల్ గుంపు తగిలిస్తే ఎంజైమ్‌కి దారి ఉండదు. అలా చేసినదే గనక్సలోన్, నోటి ద్వారా ఇవ్వొచ్చు. ఒక అరుదైన జన్యు లోపంతో పిల్లల్లో వచ్చే మూర్ఛలకి 2022లో అనుమతి పొందింది. బాలింతల దిగులుకి 2023 ఆగస్టులో వచ్చిన జురనలోన్‌లో ఆ మిథైల్‌తో పాటు ఇంకా మార్పులు ఉన్నాయి. ఒక కార్బన్ తీసేశారు, తోక దగ్గర నత్రజని ఉన్న వలయం తగిలించారు, మొదటి రెండు వలయాలు కలిసే చోటు వంపు కూడా వేరు. కాబట్టి అది అలోప్రెగ్ననలోన్‌కి కూతురు కాదు, వరసకి చెల్లెలి కూతురు. రాత్రికి 50 మిల్లీగ్రాములు, కొవ్వున్న భోజనంతో, 14 రోజులు. వేసుకున్నాక 12 గంటలు బండి నడపకూడదు. 60 గంటల సెలైన్ బాటిల్ రెండు వారాల క్యాప్సూల్ అయింది, నేచురల్ కాకపోవడం వల్లే.

ఇవి మా కొట్లో లేవు. కాన్పయ్యాక పిల్లని ఎత్తుకోబుద్ధి కాక, నిద్ర పట్టక, చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే జురనలోన్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. పాలిచ్చే తల్లులకి డాక్టర్లు ఇవ్వగలిగే మామూలు దిగులు మందులు అందుబాటులోనే ఉన్నాయి. ఆ రాత్రికి మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు, ఒడియాలోనూ మాట్లాడతారు. బాలింతకి గాలి సోకిందని దిష్టి తీయిస్తూ రోజులు గడపకండి. తీయించుకుంటే తీయించుకోండి, ఫోన్ కూడా చేయండి.

పెండలం దుంప నుంచి హార్మోన్ వస్తుందా

ఈమధ్య కుర్రాళ్ళు ఫోన్‌లో చూపించి అడుగుతున్నారు. అడవి దుంప క్రీమ్, సహజ ప్రొజెస్టెరాన్, రాసుకుంటే చాలు అని. మా సంతకి కొండవాళ్ళు తెచ్చే దుంపలు, మనం పెండలం అనేది, ఇక్కడ ఒడియాలో ఖంబ ఆళు అనేది, ఆ జాతివే. ఆ జాతిలో కొన్నింట్లో డయోస్జెనిన్ ఉన్నమాట నిజం. దాన్ని ప్రొజెస్టెరాన్‌గా మార్చడం మార్కర్ లాంటివాళ్ళు ప్రయోగశాలలో చేసిన పని. ఆ పని చేసే ఎంజైములు మన ఒంట్లో లేవు. పెండలం వేపుడు చేసుకోండి, పులుసు పెట్టుకోండి. హార్మోన్ కోసం రాసుకోవద్దు.

ప్రెగ్నెనలోన్, డీహెచ్‌ఈఏ డబ్బాలు ఇంకో రకం. ఇవి నిజంగానే ఒంట్లో ఉండే స్టెరాయిడ్లు, ప్రెగ్నెనలోన్ అయితే ప్రొజెస్టెరాన్‌కే తల్లి. అసలు తిప్పలు అక్కడే ఉంది. తల్లి అణువు ఎన్ని దారుల్లో మారుతుందో ముందుగా చెప్పలేం. డీహెచ్‌ఈఏ కొంత టెస్టోస్టెరాన్‌గా మారుతుంది. ఆటల్లో పోటీ చేసే పిల్లలు వేసుకుంటే డోపింగ్‌లో దొరికిపోతారు, అది నిషేధ జాబితాలో ఉంది. సహజం అని రాసి ఉంది కదా అని తీసుకునేవాళ్ళకి ఇది చెప్పడం నా వల్ల అయ్యే పని, ఆపడం నా వల్ల కాదు.

మగవాళ్ళకి ఒక ముక్క. జుట్టు రాలడానికి వాడే ఫినాస్టెరైడ్ ఆపేది 5-ఆల్ఫా రిడక్టేజ్‌నే, అంటే అలోప్రెగ్ననలోన్ తయారయ్యే మొదటి మెట్టుని. దిగులు కూడా దాని దుష్ఫలితాల్లో రాసి ఉంటుంది. మాత్ర మొదలెట్టాక మనసు బాగోలేకపోతే జుట్టు డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పండి.

ఆ రోజు ఏమైందంటే, కోడలి చేతే వైజాగ్ డాక్టరమ్మకి ఫోన్ చేయించాను. రెండో చీటీ సంగతి చెప్పి, రోజూ స్కూటీ మీద రాయగడ వచ్చి పనిచేస్తానని చెప్పమన్నాను. ఆవిడ రెండు నిమిషాలు మాట్లాడి, ఇక్కడి డాక్టరు రాసినదే వాడమని, తను రాసినది ఆపేయమని, పదిరోజుల్లో స్కాన్ చేయించమని చెప్పింది. డైడ్రోజెస్టెరాన్ స్ట్రిప్ కట్టి ఇచ్చాను. ఎందుకు మార్చారో పెద్దమ్మకి అర్థమయ్యేలా మగత సంగతంతా చెప్పాను.

పెద్దమ్మ అంతా విని, సంచీ సర్దుకుని, మెట్టు దిగబోతూ ఆగింది.

"అయితే అమ్మా, నాకు రెండేళ్ళుగా రాత్రిళ్ళు నిద్దరట్టదు. ఆ నేచురల్ బిళ్ళేదో నాకిచ్చేయకూడదా?"